క్లోమంలో లోపం, మేనరికం సంబంధం: బావకు ఎంతవరకు చెప్పాలి?

కాకినాడ జిల్లా మెట్ట ప్రాంతం నుంచి 26 ఏళ్ల పాఠకురాలు ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక విషయం మాత్రమే ఇక్కడ ఇస్తున్నాం.

ఇంటర్ చదివే రోజుల నుంచి ఆమెకు పై కడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పి వస్తుండేది. చాలాకాలం గ్యాస్ అనుకుని ఏవేవో మందులు వాడారు. డిగ్రీ చివరి ఏడాదిలో స్కానింగ్ తీయిస్తే క్లోమ నాళంలో రాళ్లు కనిపించాయి, జబ్బు పేరు క్రానిక్ పాంక్రియాటైటిస్ (క్లోమం ఏళ్ల తరబడి వాచి దెబ్బతినే జబ్బు) అని తేలింది. హైదరాబాద్‌లో రాళ్లను పొడిచేసే చికిత్స చేసి, కొంతకాలం నాళంలో స్టెంట్ ఉంచారు. ఇప్పుడు నొప్పి అరుదుగా వస్తోంది. షుగర్ ఇంకా రాలేదు. అక్కడే చేసిన జన్యు పరీక్షలో, స్పింక్1 అనే జన్యువు రెండు ప్రతుల్లో (ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది) ఒకదానిలో ఎన్34ఎస్ అనే మార్పు ఉన్నట్టు రిపోర్టు వచ్చింది.

ఆ రిపోర్టు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ప్రశాంతత పోయిందని ఆమె రాశారు. ఈ జబ్బు కోడలి పుట్టింటి నుంచే వచ్చిందని నానమ్మ తేల్చేశారు. సన్నగా ఉండి, షుగర్‌తో, కడుపునొప్పితో నలభై దాటగానే పోయిన తాతయ్యను (అమ్మ తండ్రిని) సాక్ష్యంగా చూపిస్తున్నారు. అమ్మ ఆ మాట పైకి ఒప్పుకోకపోయినా, చిన్నప్పుడు పిల్లకు ఉడికించిన కర్రపెండలం ఎక్కువగా పెట్టాననీ, తప్పు తనదేననీ లోలోపల కుమిలిపోతున్నారు. ఇంతలో మేనమామ కొడుకుతో పెళ్లి మాట వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ బావ అంటే ఆమెకు ఇష్టం, ఆయనకూ ఆమె అంటే ఇష్టం. కడుపులో రాళ్లు తీశారన్నంత వరకే అత్తకు తెలుసు. పెళ్లయ్యేదాకా రిపోర్టు సంగతి ఎత్తవద్దని అమ్మ బతిమాలుతున్నారు. 19 ఏళ్ల తమ్ముడికి కూడా పరీక్ష చేయించాలని నాన్న పట్టుబడుతున్నారు. వీటికి తోడు మరొకటి: భోజనంతో వేసుకోమన్న ఎంజైమ్ కాప్స్యూళ్లు పంది క్లోమం నుంచి తీసినవని తెలిశాక, గుడ్డు కూడా తినని ఆ ఇంట్లో వాటిని వేసుకోలేక ఆమె మానేశారు. క్లోమంలో ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ను ఆపే నిరోధక అణువు తక్కువైతే అది పచ్చి సోయాలో పుష్కలంగా దొరుకుతుందని ఒక బంధువు చెప్పగా, సోయా పిండిని మజ్జిగలో కలుపుకుని తాగుతున్నారు. బావకు చెప్పాలా, చెబితే ఎంతవరకు చెప్పాలి, అసలు ఈ పెళ్లి చేసుకోవచ్చా అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నలు చాలానే ఉన్నా అన్నీ ఒక్క కాగితం చుట్టూ తిరుగుతున్నాయి. ఆ కాగితంలో లేని మాటలు కూడా దానిమీద పెట్టి మీ ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. కనుక అందులో ఏముందో, ఏమి లేదో ముందుగా చూద్దాం. అయితే కాప్స్యూళ్లు మానేసిన విషయం మాత్రం పెళ్లి సంగతి తేలేదాకా ఆగేది కాదు. ఈ వారంలోనే మీ డాక్టరుతో మాట్లాడండి, ఆ పచ్చి సోయా పిండిని ఈ రోజు నుంచే పక్కన పెట్టండి. కారణాలు కింద వివరంగా రాస్తాను.

మనం తినే పప్పులోని, పాలలోని ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైముల్లో ముఖ్యమైనది ట్రిప్సిన్. జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్యూనె 1876లో దానికి ఆ పేరు పెట్టాడు. అది తయారయ్యేది క్లోమంలో, పనిచేయవలసింది చిన్నపేగులో. క్లోమం కూడా ప్రోటీన్లతో కట్టిన అవయవమే కాబట్టి, ట్రిప్సిన్ పుట్టినచోటే పని మొదలుపెడితే తనను కన్న గ్రంథినే అరిగించేస్తుంది. అందుకే క్లోమం దాన్ని ఒరలో పెట్టిన కత్తిలా, ట్రిప్సినోజెన్ అనే క్రియారహిత రూపంలో తయారుచేసి పంపుతుంది. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో, పేగు గోడ మీద ఉండే ఎంటెరోకైనేజ్ అనే మరో ఎంజైమ్ దాని కొస నుంచి ఎనిమిది అమైనో ఆమ్లాల చిన్న ముక్కను తెంచినప్పుడే అది ట్రిప్సిన్ అవుతుంది. ఆ తరువాత ట్రిప్సిన్ తానే మిగిలిన ట్రిప్సినోజెన్‌నూ, కైమోట్రిప్సిన్, ఎలాస్టేజ్ వంటి ఇతర ఎంజైముల ముడి రూపాలనూ క్రియాశీలం చేస్తుంది.

ఇంత జాగ్రత్త ఉన్నా క్లోమం లోపలే కొద్దిపాటి ట్రిప్సినోజెన్ ముందుగానే ట్రిప్సిన్‌గా మారిపోతుంటుంది. దాన్ని అక్కడికక్కడే పట్టి ఆపడానికి గ్రంథి ఒక చిన్న నిరోధకాన్ని కూడా తయారుచేసుకుంటుంది. 56 అమైనో ఆమ్లాలు మాత్రమే ఉన్న ఈ బుల్లి ప్రోటీన్, ట్రిప్సిన్ సరిగ్గా ఎక్కడైతే ఇతర ప్రోటీన్లను పట్టి కోస్తుందో అక్కడికే వెళ్లి బిగిసిపోతుంది, ఒక్కో ట్రిప్సిన్‌కు ఒక్కో నిరోధకం చొప్పున. 1948లో కజాల్, ఆయన సహచరులు పశువుల క్లోమం నుంచి దీన్ని వేరుచేశారు. మీ రిపోర్టులో ఉన్న స్పింక్1 ఈ నిరోధకాన్ని తయారుచేయించే జన్యువే. దాని బలానికి ఒక హద్దు ఉంది: గ్రంథిలోని ట్రిప్సినోజెన్ అంతా ఒకేసారి క్రియాశీలమైతే, అందులో ఐదో వంతు వరకే అది ఆపగలదని అంచనా వేశారు. అంటే ఈ నిరోధకం రోజువారీ చిన్న పొరపాట్లను సర్దడానికి సరిపోతుంది గాని, పెద్ద ఉపద్రవాన్ని ఒంటరిగా ఆపలేదు.

క్లోమం తనను తానే జీర్ణం చేసుకోవడం వల్ల ఈ జబ్బు వస్తుందని 1896లోనే హన్స్ కియారీ అనే వైద్యుడు ప్రతిపాదించాడు. ఆ మాటకు జన్యువుల్లో రుజువు దొరకడానికి సరిగ్గా వందేళ్లు పట్టింది. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే పాంక్రియాటైటిస్‌కు ట్రిప్సినోజెన్ జన్యువులోని మార్పే కారణమని 1996లో అమెరికాలో డేవిడ్ విట్‌కోంబ్ బృందం కనుగొంది. 2000లో జర్మనీలో హైకో విట్ బృందం, జబ్బు పడిన పిల్లల్లో స్పింక్1 మార్పులను గుర్తించింది. ఇక 2002లో మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, అక్కడి జీర్ణకోశ వైద్యులతో కలిసి, మన దేశపు రోగుల్లో ట్రిప్సినోజెన్ జన్యువు కంటే స్పింక్1 మార్పుకే ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని చూపించారు. ఈ రెండింటి మధ్య తేడా మీకు చాలా ముఖ్యం. ట్రిప్సినోజెన్ జన్యువులో ఆ మార్పు ఒక్క ప్రతిలో ఉన్నా, అది ఉన్నవారిలో నూటికి ఎనభై మంది వరకు జబ్బు పడతారు. మీలో ఉన్నది అటువంటిది కాదు.

ఎన్34ఎస్ అంటే ఆ నిరోధకంలో 34వ స్థానంలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు సెరీన్ చేరడం. ప్రయోగశాలలో పరీక్షిస్తే ఆ మారిన నిరోధకం కూడా ట్రిప్సిన్‌ను మామూలు నిరోధకం లాగే ఆపుతోంది. అందుకని ఈ మార్పుతో పాటు అదే ప్రతిలో కలిసి వచ్చే మరేదో తేడా వల్ల నిరోధకం తక్కువగా తయారవుతూ ఉండవచ్చునని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఏమైనా, ఈ మార్పు ఉన్నవారు మన సమాజంలో అరుదేమీ కాదు, నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంటారు. దక్షిణ భారతంలో క్రానిక్ పాంక్రియాటైటిస్ లక్షకు 114 నుంచి 200 మందిలో ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి, ఆ రోగుల్లో ఈ మార్పు ఉన్నవారు దాదాపు సగం అనుకుందాం. అంటే లక్ష మందిలో ఈ మార్పు మోస్తున్నవారు వెయ్యి నుంచి మూడు వేల మంది, వారిలో జబ్బు పడినవారు వంద మంది కూడా దాటరు. మార్పు ఉన్న ప్రతి వందమందిలో తొంభై మంది, బహుశా అంతకంటే ఎక్కువ మందే, తమలో అది ఉందని ఎన్నడూ తెలియకుండానే జీవితం గడిపేస్తారు. మరి మీకెందుకు వచ్చిందంటే, దానికి తోడు ఇంకేదో కలిసి ఉండాలి. అది ట్రిప్సినోజెన్‌ను విరగ్గొట్టే కైమోట్రిప్సిన్ సి వంటి మరో జన్యువులోని తేడా కావచ్చు, పరిసరాల్లోనిది కావచ్చు. ఇవి కూడా పరీక్షించారా లేదా అన్నది మీ రిపోర్టులో చూడండి, లేకపోతే డాక్టరును అడగండి. స్పింక్1 మార్పు మీ జబ్బుకు ఒక కారణం మాత్రమే, మొత్తం కారణం కాదు.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. కర్రపెండలం మీద ఆమెకున్న అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. 1959లో జుయిడెమా అనే వైద్యుడు ఇండోనేషియాలో పోషకాహారం లేని రోగుల్లో ఈ జబ్బును వర్ణించాడు, ఆ తరువాత కేరళలో గీవర్ఘీస్ అనే వైద్యుడు వందలాది రోగులను పరిశీలించాడు. రెండు చోట్లా పేదల తిండి కర్రపెండలమే కావడంతో, అందులోని సైనైడ్ సంబంధమైన పదార్థాలే కారణమని చాలా ఏళ్లు నమ్మారు. కాని కర్రపెండలం ముట్టని ప్రాంతాల్లోనూ ఇదే జబ్బు కనిపించింది, దాన్నే నెలల తరబడి తిన్న ఎలుకల్లో ఈ జబ్బు రాలేదు, జన్యు పరిశోధనలు వచ్చాక ఆ వాదం ఇంకా బలహీనపడింది. పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులకు దుంప పండించే మీ ప్రాంతంలో, దాన్ని ఉడికించి పిల్లలకు పెట్టని తల్లి ఉండదు. అదే కారణమైతే మీ తరంలో ఊరూరా ఈ జబ్బు ఉండాలి. ఈ పేరా ఒక్కటి మీ అమ్మగారికి చదివి వినిపించండి.

ఇక ఎవరి వైపు నుంచి వచ్చిందన్న ప్రశ్న. మీలో మార్పు ఉన్న ఆ ఒక్క ప్రతి అమ్మ నుంచైనా, నాన్న నుంచైనా వచ్చి ఉండవచ్చు. తాతయ్యకు షుగర్, కడుపునొప్పి ఉండడం ఒక అనుమానానికి దారితీస్తుందే తప్ప, ఆయనకు స్కానింగూ జన్యు పరీక్షా లేనప్పుడు అది రుజువు కాదు. నూటికి ఒకరి నుంచి ముగ్గురిలో ఉండే మార్పు మీ నాన్నగారిలో ఉండదని ఎవరూ చెప్పలేరు. అమ్మానాన్నలకు పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. దానివల్ల మీ చికిత్సలో ఏ మార్పూ రాదు, ఇద్దరిలో ఒకరి మీద నిందకు ముద్ర పడుతుంది, అంతే. మనిషి తన చేతులతో ఎంచుకోని దానికి బాధ్యుడు కాడు. ఈ విషయంలో మీ నానమ్మ మాట తప్పు అని నేను నిర్మొహమాటంగా అంటాను.

మేనరికం విషయంలో మాత్రం ఎవరి వైపు అన్నది లెక్కలోకి వస్తుంది. ఒకవేళ మీలోని మారిన ప్రతి అమ్మగారిదే అయితే, ఆమె తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చి ఉంటుంది కనుక, మీ మేనమామకు అది ఉండే అవకాశం సగం, ఆయన కొడుకుకు నాలుగింట ఒక వంతు. మీ ఇద్దరిలోనూ ఉంటే, ప్రతి బిడ్డకూ రెండు ప్రతులూ మారినవే చేరే అవకాశం నాలుగింట ఒకటి. ఈ రెండింటినీ గుణిస్తే పదహారింట ఒకటి, అంటే నూటికి ఆరు. బయటి సంబంధం చేసుకుంటే ఇదే అవకాశం సుమారు రెండు వందల్లో ఒకటి. మీలోని మారిన ప్రతి నాన్నగారి నుంచి వచ్చినదైతే, బావ కూడా ఈ విషయంలో బయటివారితో సమానమే. రెండు ప్రతులూ మారితే జబ్బు అవకాశం ఒక్క ప్రతి ఉన్నవారి కంటే బాగా ఎక్కువ, అయినా వచ్చి తీరుతుందని చెప్పలేం. ఒక్క ప్రతే చేరితే, పైన చెప్పిన తొంభై మంది మాటే వర్తిస్తుంది. దీనితో సంబంధం లేకుండా, మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం నూటికి రెండు మూడు నుంచి ఇంచుమించు రెట్టింపు అవుతుంది. అది మేనరికాలన్నింటికీ వర్తించేదే, మీ రిపోర్టు దాన్ని పెంచలేదు, తగ్గించలేదు.

ఈ లెక్కలను బట్టి చూస్తే, అమ్మకో నాన్నకో కాకుండా, అవసరమనుకుంటే బావకే నేరుగా పరీక్ష చేయించడం మేలు. ఆయనలో మార్పు లేదని తేలితే, మీది ఎటు నుంచి వచ్చినా మీ పిల్లలకు ఒక్క ప్రతికి మించి చేరదు, మేనరికం భయంలో ఈ భాగం తీరిపోతుంది. ఉందని తేలితే నాలుగింట ఒకటి అన్న లెక్కను ఎదురుగా పెట్టుకుని ఇద్దరూ ఆలోచించుకోవచ్చు. అయితే ఆ పరీక్షకు ఇంకో పర్యవసానం ఉంది: బావలో మార్పు కనబడితే అది మీ మామయ్య నుంచో, అత్త నుంచో వచ్చినట్టే, అప్పుడు ఆ ఇంట్లోనూ మీ ఇంట్లో జరుగుతున్న తగువే మొదలుకావచ్చు. కనుక రక్తం ఇవ్వడానికి ముందే ఇద్దరూ కలిసి జన్యు వైద్యులతో ఒకసారి కూర్చోవడం అవసరం. హైదరాబాద్ నిమ్స్‌లో ఇటువంటి సలహా ఇచ్చే వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. ఫలితం ఎవరెవరికి చెప్పాలన్నది ఫలితం రాకముందే నిర్ణయించుకోండి.

అసలు చెప్పాలా అన్న దగ్గరకు వద్దాం. మీ ముందు నాలుగు దారులు ఉన్నాయి, ఏ ఒక్కటీ ఖర్చు లేనిది కాదు.

అమ్మ కోరినట్టు పెళ్లయ్యేదాకా దాచవచ్చు. పెళ్లి జరుగుతుంది, అమ్మకు తాత్కాలికంగా ఊరట దొరుకుతుంది. కాని మీది మందులతో, పరీక్షలతో, అప్పుడప్పుడు నొప్పితో సాగే జబ్బు, ఒకే కప్పు కింద ఉన్నవారి నుంచి అది ఎక్కువకాలం దాగదు. బయటపడిన రోజున బావకు గుచ్చుకునేది జన్యువు కాదు, తనకు తెలియకుండా తన తరఫున నిర్ణయం తీసుకున్నారన్న సంగతి. దాచినవారు తన మేనత్తే కావడంతో, అన్నాచెల్లెళ్ల మధ్య కూడా గోడ లేస్తుంది. ఈ దారిని నేను సమర్థించలేను, కాని మీ అమ్మగారు అలా ఎందుకు అడుగుతున్నారో అర్థం చేసుకోగలను. నిందంతా తన పుట్టింటి మీద పడుతున్న వేళ, అదే పుట్టింట్లో ఈ మాట ఎత్తడం ఆమెకు ప్రాణసంకటం.

రెండో దారి, జబ్బు సంగతి పూర్తిగా చెప్పి, జన్యువు సంగతి వదిలేయడం. జబ్బు అంటే స్టెంటు, కాప్స్యూళ్లు, మున్ముందు షుగర్ రాగల అవకాశం అన్నమాట. బయటి సంబంధమైతే ఇది చాలావరకు న్యాయమే అనేవాణ్ణి. మేనరికంలో ఆ ఒక్క ప్రతి పుట్టబోయే పిల్లల లెక్కను మారుస్తుంది కనుక, దాన్ని తెలుసుకునే హక్కు బావకు ఉంది.

మూడో దారి, ముందు బావకు ఒక్కరికే అన్నీ చెప్పడం. పెద్దలకు ఎప్పుడు, ఎవరి నోట చెప్పాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు. ఆయన వెనక్కి తగ్గే ప్రమాదం ఇందులో ఉంది, దాన్ని నేను చిన్నదిగా చూపించను. మీరు ప్రేమించే మనిషి ఒక కాగితం చూసి తప్పుకుంటే కలిగే బాధ సామాన్యమైనది కాదు. అయినా తాంబూలాలకు ముందు కలిగే ఆ బాధకూ, పెళ్లయ్యాక కలిగేదానికీ చాలా తేడా ఉంది. చెప్పేటప్పుడు అత్త ఎదుట, పండగ సందడిలో, ఫోనులో అరనిమిషంలో చెప్పకండి. ఎదురెదురుగా కూర్చుని, రిపోర్టు చేతికిచ్చి, పై లెక్కలు వివరించి, ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వండి. పరీక్ష చేయించుకొమ్మని మాత్రం పట్టుబట్టకండి. తన శరీరంలో ఏముందో తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆయనకు ఉంది, కొందరికి తెలియకపోవడంలోనే స్థిమితం ఉంటుంది.

నాలుగోది, సంబంధమే వద్దనుకోవడం. మీకే మేనరికం మీద మనసులో జంకు ఉంటే ఇది గౌరవప్రదమైన నిర్ణయమే. కాని రిపోర్టు వల్ల ఎవరినీ పెళ్లి చేసుకోకూడదన్న ఆలోచనతో మీరు దీన్ని ఎంచుకుంటే మాత్రం, ఆ కాగితానికి లేని అధికారం ఇచ్చినట్టవుతుంది. నన్ను అడిగితే మూడో దారి వైపు మొగ్గుతాను, అయితే అమ్మను చీకట్లో ఉంచి ఆ పని చేయకండి. నేను చెప్పబోతున్నానని ముందు ఆమెకు చెప్పండి, కర్రపెండలం సంగతి, తాతయ్య సంగతి వివరించాకే చెప్పండి. అనుమతి కోసం కాదు, ఆమె తన అన్నను ఎదుర్కోవలసి వస్తుంది కనుక.

బావ తప్పకుండా అడిగే ప్రశ్నలకు నిజమైన జవాబులు సిద్ధంగా ఉంచుకోండి. ఈ జబ్బు ఉన్న స్త్రీలు గర్భం దాల్చి బిడ్డల్ని కంటున్నారు. ముందుగా పోషణ, విటమిన్లు, షుగర్ సరిచూసుకుని, జీర్ణకోశ వైద్యుల పర్యవేక్షణ ఉంటే చాలు. ఏళ్లు గడిచేకొద్దీ ఇన్సులిన్ తయారుచేసే కణాలు కూడా దెబ్బతిని షుగర్ రావచ్చు, కాబట్టి ఏటా పరీక్ష అవసరం. క్లోమంలో కేన్సర్ అవకాశం మామూలువారి కంటే ఎక్కువే, అందుకే పొగ పీల్చే ఇంట్లో ఉండకూడదు, కారణం లేకుండా బరువు తగ్గినా, నొప్పి తీరు మారినా ఆలస్యం చేయకూడదు. గర్భంలో ఉన్న బిడ్డకు ఈ మార్పు ఉందో లేదో పరీక్షించడం సాధారణంగా సూచించరు, ఎందుకంటే ఉన్నదని తెలిసినా జబ్బు వస్తుందో రాదో ఆ పరీక్ష చెప్పలేదు.

తమ్ముడి విషయంలోనూ ఇదే తర్కం. అతనికి ఏ బాధా లేదు. పరీక్షలో మార్పు ఉందని తేలినా వేసే మందు లేదు. లేదని తేలినా సిగరెట్టు, మద్యం జోలికి పోవద్దనే చెబుతాం. పందొమ్మిదేళ్ల కుర్రాడి మీద ఇంకో ముద్ర వేయడం తప్ప దీనివల్ల ఒరిగేది కనిపించదు. అక్కకు ఈ జబ్బు ఉందని తెలిసి, పై కడుపులో నొప్పి వస్తే దాచకుండా చెప్పి, డాక్టరుకు కుటుంబ చరిత్ర వివరిస్తే చాలు. అతను తనకు తానుగా తెలుసుకోవాలనుకుంటే అది వేరే సంగతి.

ఇక కాప్స్యూళ్లు. క్లోమం దెబ్బతిన్నాక పేగులోకి చేరవలసిన ఎంజైములు తగ్గిపోతాయి. ముఖ్యంగా కొవ్వును అరిగించే లైపేజ్ లేక, తిన్న నూనె, నెయ్యి జిడ్డు విరేచనంగా బయటకు పోతాయి. వాటితో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. ఫలితం బరువు తగ్గడం, ఎముకలు పలచబడడం, రాత్రి చూపు మందగించడం. బిడ్డను కనాలనుకునే మీకు ఇవి చిన్న విషయాలు కావు. కాప్స్యూల్‌లో ఉండేవి ఆ తగ్గిన ఎంజైములే, అవి పంది క్లోమం నుంచి తీసినవన్నది నిజమే. శిలీంధ్రాల నుంచి తీసిన ఎంజైములతో, బొప్పాయిలోని పపైన్‌తో చేసిన జీర్ణ మందులు దుకాణాల్లో దొరుకుతాయి గాని, మీ వంటి లోపాన్ని పూడ్చడానికి వాటి బలం సాధారణంగా చాలదు. కాబట్టి ఇక్కడ మీకు నిజమైన ఎంపిక ఒకటి ఉంది. మీ లోపం ఎంత ఉందో మలంలో ఎలాస్టేజ్ పరీక్షతో తెలుసుకోండి. లోపం స్వల్పమైతే, కాప్స్యూళ్లు లేకుండా ఆహారంతో, విటమిన్లతో ఎంతవరకు నెట్టుకురావచ్చో డాక్టరు చెప్పగలరు. ఎక్కువైతే, మందుగా తీసుకునేది ఆహారం కాదన్న నిశ్చయంతో వేసుకోవడమా, ఆచారానికే కట్టుబడి బలహీనతను భరించడమా అన్నది మీ మనస్సాక్షి తేల్చవలసింది. నేనైతే ప్రాణరక్షణకు పుచ్చుకున్న మందు ఆచారాన్ని చెరపదనే నమ్ముతాను, కాని అది నా నమ్మకం. వేసుకోవాలని నిర్ణయించుకుంటే భోజనానికి ముందో తరువాతో కాదు, మొదటి ముద్దతో కొంత, మధ్యలో కొంత వేసుకోండి. నమలవద్దు, పొడి చేయవద్దు. లోపలి గుళికల పూత కడుపులోని ఆమ్లం నుంచి వాటిని కాపాడేలా చేసినది.

సోయా పిండి సంగతి ఇందుకు పూర్తిగా ఎదురు. పచ్చి సోయా గింజలో ట్రిప్సిన్‌ను ఆపే ప్రోటీన్ ఉన్న మాట నిజం. 1940ల్లో కూనిట్జ్ దాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. కాని అది నోటి ద్వారా వెళితే పనిచేసేది పేగులో, మీకు లోటు ఉన్నది క్లోమం కణాల్లో. పేగులో ఉన్న కాస్త ట్రిప్సిన్‌ను కూడా ఆపేస్తే తిన్న పప్పు అరగదు, పైగా ఎంజైములు చాలడం లేదన్న సంకేతంతో శరీరం క్లోమాన్ని ఇంకా ఎక్కువ పనిచేయమని తొందరపెడుతుంది. పచ్చి సోయా పిండి పెట్టిన ఎలుకల్లో, కోడిపిల్లల్లో క్లోమం ఉబ్బిపోవడం ప్రయోగాల్లో చూశారు. మందుల రూపంలోనూ ఈ ఆలోచన అంత సులువుగా ఫలించలేదు: పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన అప్రోటినిన్ అనే నిరోధకాన్ని అకస్మాత్తుగా వచ్చే పాంక్రియాటైటిస్‌లో ఇస్తే ప్రయోజనం కనిపించలేదని 1970ల్లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. జపాన్‌లో కామోస్టాట్ అనే నిరోధక మాత్ర వాడుకలో ఉంది, అది వైద్యుల చేతిలో ఉండవలసిన మందు. సోయా రుచి నచ్చితే బాగా ఉడికించి తినండి, వేడికి ఆ నిరోధకం చాలావరకు నశిస్తుంది. ప్రోటీన్ అరగదేమోనన్న భయంతో పప్పు, పెరుగు, పనీర్ తగ్గించకండి, మీకు అవి మిగతావారి కంటే ఎక్కువ అవసరం. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఎలాస్టేజ్ పరీక్షతో పాటు మూడు నెలల సగటు షుగర్, విటమిన్ డి, ఎముకల సాంద్రత పరీక్షలు కూడా ఇప్పుడే చేయించమని అడగండి. బావతో మాట్లాడేనాటికి ఆ ఫలితాలు కూడా మీ చేతిలో ఉంటే, ఆయన అడిగేవాటికి ఊహతో కాకుండా కాగితంతో జవాబు చెప్పగలుగుతారు.